ఇంటిలెక్క, బడిలెక్క

పిల్లలకు లెక్కలు నేర్పు విషయమున మన యిండ్లలో రెండు తలంపులు చిరకాలముగా పాతుకొని యున్నవి. లెక్క యనునది బడిలో నేర్వదగినదే కాని యింట నేర్వదగినది కాదనుట మొదటిది. ఎక్కములు నోటికి వచ్చినచో లెక్క వచ్చినట్లే యనుట రెండవది. మొదటి తలంపు తల్లిని బిడ్డచదువునకు దూరము చేయుచున్నది. రెండవది బిడ్డను తన బుద్ధికే దూరము చేయుచున్నది. మేము వీరులపాడున నుండి కొంతకాలముగా ఇరుగుపొరుగు పిల్లలను సాయంకాలము అరుగుమీద కూర్చుండబెట్టుకొని లెక్కలు చెప్పుచున్నాము. అందు మాకు గోచరించిన సంగతులను, పరిశోధకులు పలుచోట్ల పరీక్షించి కనుగొనిన సంగతులతో సరిచూచి, చదువరుల యెదుట నుంచుచున్నాము.

వీరులపాడు నందిగామ ప్రాంతపు మెట్టగ్రామము. 2022వ సంవత్సరము ఏప్రిల్ 4వ తేదీన ఎన్.టి.ఆర్. జిల్లా యేర్పడువరకు ఇది కృష్ణాజిల్లాలోనిది. ఇచట ప్రత్తియు మిరపయు విరివిగా పండును. ప్రత్తితీతకు పోయి వచ్చిన యొక తల్లిని, ఆ దినపు కూలి యెంత వచ్చినదని యడిగితిమి. ముప్పదియైదు కిలోలు తీసినదట. కిలోకు పండ్రెండు రూపాయలట. ఆమె బొటనవ్రేలిని తక్కిన వ్రేళ్ళ కణుపులమీద నడపుచు, "పది ముప్పై అయిదులు మూడొందల యాభై, రెండు ముప్పై అయిదులు డెబ్బై, నాలుగొందల ఇరవై అండీ" యని తడుముకొనక చెప్పినది. పండ్రెండును పదిగను రెండుగను విడదీసి, వేఱువేఱుగా హెచ్చవేసి, మరల కలుపుట గణితమున నొక ముఖ్యమైన న్యాయము. పై తరగతుల పుస్తకములలో దానికి విభాగన్యాయమని పేరు. ఆ పేరు వినకయే ఆమె దినదినమును దానిని వాడుకొనుచున్నది. "మీ అబ్బాయికి ఇట్లా చెప్పకూడదా అమ్మా?" యనగా ఆమె నవ్వి, "మాదేముందండీ, వేళ్ళ లెక్క. వాడిది బడి లెక్క గదా" యన్నది.

ఆ బాలుడు నాలుగవ తరగతి చదువుచున్నాడు. వానిచేతికి ఏబదిరెండు రూపాయలిచ్చి కొట్టునకు పంపినచో, ముప్పదియేడు రూపాయల సరకు తెచ్చి, మిగిలిన పదునైదును లెక్క తప్పక యప్పగించును. ఎట్లు తెలిసినదని యడిగినచో, "ముప్పై ఏడుకి మూడేస్తే నలభై, పదేస్తే యాభై, ఇంకో రెండు" అని చెప్పును. ఆ యేబదిరెండునే పలకమీద వ్రాసి, దానిక్రింద ముప్పదియేడు వ్రాసి, తీసివేయుమన్నంతట వాడు ఇరువదియైదని వేసెను. రెండులో నుండి యేడు పోదు గనుక, ఏడులోనుండి రెండు తీసి యైదనియు, అయిదులోనుండి మూడు తీసి రెండనియు వేసినాడు. "కొట్టు దగ్గర పదిహేనన్నావు గదరా, ఇప్పుడు ఇరవై అయిదెట్లా అయింది?" అని యడిగితిమి. వాడు కొంచెమైనను తొట్రుపడక, "అది కొట్టు లెక్క తాతయ్యగారూ, ఇది బడి లెక్క" అనెను.

తల్లియు కుమారుడును ఒకే మాట యనుట చూడుడు. ఆ బాలుడు మందబుద్ధి కాడు. వాని మనస్సులో లెక్కకు రెండు గదులున్నవి. ఆ రెంటికిని నడుమ వాకిలి లేదు. ఒక గదిలో పదునైదు సత్యము, రెండవ గదిలో ఇరువదియైదు సత్యము. రెండును పోల్చి చూడవలెనని వానికి ఎవరును చెప్పలేదు. లెక్కలు నేర్పుట యనగా ఆ గోడలో వాకిలి పెట్టుటయే యని మా యభిప్రాయము. తక్కిన యుపాయములన్నియు దానికి లోబడినవే.

ఇది మా యూరి వింత కాదు. బ్రెజిలు దేశమునందలి రెసిఫె నగరమున వీధులలో సరకులమ్ము అయిదుగురు పిల్లలను పరిశోధకులు పరీక్షించి 1985లో ఫలితములను ప్రకటించిరి. బేరముల నడుమ నోటితో చేసిన లెక్కలలో నూటికి 98 వంతులు సరిపోయినవి. అట్టి లెక్కలనే కాగితముమీద అంకెలుగా వ్రాసి యిచ్చినప్పుడు నూటికి 37 వంతులే సరిపోయినవి. అయిదుగురు పిల్లలు మిక్కిలి తక్కువ యని చదువరులు శంకింపవచ్చును. మన దేశముననే, అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, ఎలిజబెత్ స్పెల్కీ మున్నగువారు కలకత్తా ఢిల్లీ నగరముల బజారులలో పనిచేయు 1,436 మంది పిల్లలను, బడిలో చదువు 471 మంది పిల్లలను పరీక్షించి, 2025వ సంవత్సరము ఫిబ్రవరిలో 'నేచర్' పత్రికయందు ప్రకటించిరి. బజారు పిల్లలు చిక్కుబేరములను మనస్సులోనే తేల్చిరి. అంతకంటె సులువైన లెక్కను బడిలో వ్రాయునట్లు వ్రాసి యిచ్చిన తడబడిరి. బడిపిల్లలు కాగితముమీద చేసిరి, బేరమున తడబడిరి. కొట్టులెక్క దానంతట నది పలకమీదికి రాదు. పలకలెక్కయు దానంతట నది కొట్టునకు పోదు.

అట్లయినచో ఇంట గవ్వలాటలును పిక్కలాటలును ఆడించిన చాలునా? ఈ ప్రశ్నకును పరీక్ష జరిగినది. ఢిల్లీలో 'ప్రథమ్' సంస్థవారి 214 శిశుపాఠశాలలయందు, సుమారు అయిదేండ్ల ప్రాయముగల 1,540 మంది పిల్లలపై జరిగిన ప్రయత్నపు ఫలితములు 2017లో వెలువడినవి. ఎక్కువ తక్కువలను, ఆకారములను గుర్తించు ఆటలను కొన్నినెలలపాటు ఆడించిరి. చూపుతో రాశులను పోల్చు నేర్పు ఆ పిల్లలకు పెరిగినది, చాలకాలము నిలిచినది. కాని వారు పెద్దబడిలో చేరిన పిమ్మట అంకెల లెక్కలలో తక్కినవారిని మించలేదు. ఆటలో అంకె వ్రాత లేకపోయినచో, ఆట యాటగనే నిలిచిపోవునని మేము దీనివలన గ్రహించుచున్నాము.

దీనికి జోడుగా 2008లో అమెరికాలో వెలువడిన యొక పరిశోధన గలదు. బీదయిండ్ల చిన్నపిల్లలచే, ఒకటి మొదలు పదివరకు అంకెలు వేసిన గడుల బల్లమీద, ఒక్కొక్క గడిని చదువుచు పావు కదుపు ఆటను రెండువారములలో నాలుగుసారులు ఆడించిరి. సంఖ్యలజ్ఞానము స్పష్టముగా పెరిగినది. అంకెలకు మాఱుగా రంగులు వేసిన బల్లమీద ఆడిన పిల్లలకు ఆ లాభము కలుగలేదు. మన యింట వైకుంఠపాళి యున్నది. దానిలో గడిగడికిని అంకె యున్నది. పిల్లవానిచే "నాలుగు పడింది" అనిపించి ఊరకొనక, "ఇరవైమూడు మీద ఉన్నాను, ఇరవైనాలుగు, ఇరవైఅయిదు, ఇరవైఆరు, ఇరవైఏడు" అని గడి చదువుచు నడుపునట్లు చేసినచో, ఆ యాటయే పాఠమగును. ఇందుకు వలయునది తల్లియో అక్కయో ప్రక్కన కూర్చుండుటయే.

ఇక మన పూర్వుల పద్ధతిని గూర్చి కొంచెము విచారింతము. తెలుగున గణితము క్రొత్తది కాదు. జైనగణితజ్ఞుడైన మహావీరాచార్యుని సంస్కృతగ్రంథమును పావులూరి మల్లన తెలుగుపద్యములలోనికి తెచ్చి యెన్నియో శతాబ్దములైనది. వీధిబడులలో లెక్క నేర్పుటయు చిరకాలపుదే. 1823లో బళ్ళారి కలెక్టరు కాంబెల్ తన జిల్లాలోని బడులనుగూర్చి ప్రభుత్వమునకు నివేదిక పంపెను. ఆ జిల్లాలో 533 బడులును, 6,641 మంది విద్యార్థులును ఉండిరి. తెలుగుబడులును అందు చాల గలవు. పిల్లలు ఇసుకలో వ్రేలితో వ్రాయుటను, పెద్దపిల్లలు చిన్నపిల్లలకు చెప్పుటను ఆయన మెచ్చుకొనెను. అర్థము తెలియని పద్యములను చిలుకలవలె వల్లించుటను నిందించెను. రెండువందల యేండ్లు గడచినను ఆ మెప్పును ఆ నిందయు మనకు చెల్లుచునే యున్నవి. ఇసుక పోయినది; అక్క తమ్మునికి చెప్పుట తగ్గినది; చిలుకవల్లింపు మాత్రము నిలిచియున్నది.

ఎక్కములను వల్లింపవలదని మేము చెప్పుట లేదు. ఎక్కము నోట నుండుట గొప్ప యాసరా. కాని తెలుగు ఎక్కమును ఒక్కసారి చెవియొగ్గి వినుడు. "రెండు మూళ్ళు ఆరు" అని పిల్లవాడు చెప్పునప్పుడు, మూళ్ళు అను బహువచనములోనే అర్థమంతయు నున్నది. మూడేసి చొప్పున రెండు కుప్పలు పెట్టితిమి, ఆరు అయినవి. ఆ మాట పలికించుచు మూడేసి చింతపిక్కలు రెండు కుప్పలుగా పెట్టించినచో, పిల్లవానికి అది పాట కాక మాట యగును. ఇప్పుడు చాలమంది పిల్లలు "టూ త్రీ జా సిక్స్" అని చదువుచున్నారు. ఆ 'జా' యేమని మేము పదిమంది పిల్లలనైన అడిగియుందుము. "ఎక్కంలో అట్లాగే అంటారు" అని కొందఱు, "గుణకారం గుర్తు" అని కొందఱు చెప్పిరి. అది ఇంగ్లీషు బహువచనపు తోకయు క్రియాపదమును కలిసిపోయిన ధ్వని యని యెఱిగినవాడు ఒక్కడును లేడు. ఇంగ్లీషున చదువుట తప్పు కాదు. అర్థము లేని ధ్వనిని చదువుట తప్పు. బడిలో నే భాషయైనను కానిండు, ఇంట తల్లి ఆ యెక్కమునే తెలుగున నొకసారి చెప్పి కుప్పలు పెట్టించినచో, బడిమాటకు ప్రాణము వచ్చును.

సంఖ్యల పేర్లయందును తెలుగుతల్లికి మంచి సాధనమున్నది. పదకొండు అనగా పదియు నొకటియు. పదమూడు అనగా పదియు మూడును. ముందు పది, వెనుక ఒకట్లు; అంకెలు వ్రాయు వరుసయు అదే. ఇంగ్లీషున 'థర్టీన్' అనునప్పుడు మూడు ముందు వినబడును. కావుననే పిల్లలు 13 అనుటకు 31 అని వ్రాయుటయు, థర్టీన్‌ను థర్టీతో కలగాపులగము చేయుటయు తఱచుగా కనబడును. మన వాడుకలో ఇరవై, ముప్పై, నలభై యనునప్పుడు పది కొంత మఱుగుపడినది. కాని పాతరూపములలో అది స్పష్టముగా నున్నది. ఇరువది అనగా ఇరు పదులు. ముప్పది అనగా మూడు పదులు. నలువది అనగా నాలుగు పదులు. మేము పిల్లలచే కొన్నాళ్ళు "మూడు పదులు, ఏడు" అని పలికించి, పిమ్మట ముప్పదియేడు అనిపించి, చివరకు 37 అని వ్రాయింతుము. మూడు పదులు పలికిన బిడ్డ ఆ మూడును పదులస్థానమున వ్రాయుటకు తడబడుట యరుదు.

ఇప్పుడు ఏబదిరెండులోనుండి ముప్పదియేడు తీయు లెక్కకు వత్తము. చీపురుపుల్లలను సమానముగా తుంచి, పదేసి చొప్పున దారముతో కట్టలు కట్టించితిమి. ఏబదిరెండనగా అయిదు కట్టలు, రెండు విడిపుల్లలు. "ముప్పై ఏడు పుల్లలు ఇయ్యి" అంటిమి. బాలుడు మూడు కట్టలిచ్చెను. ఏడు విడిపుల్లలు కావలెను, రెండే యున్నవి. క్షణకాలము చూచి, తానే యొక కట్ట విప్పినాడు. పండ్రెండు విడిపుల్లలైనవి, ఏడు ఇచ్చెను. ఒక కట్టయు అయిదు పుల్లలును మిగిలినవి. పిమ్మట అదే పనిని మరల చేయించుచు, పుల్ల కదలినప్పుడెల్ల పలకమీద అంకె కదలవలెనని నియమము పెట్టితిమి. కట్ట విప్పగానే అయిదు కొట్టివేసి నాలుగు వ్రాయవలెను; రెండు పండ్రెండు కావలెను. చివర పదునైదు వచ్చుట చూచి వాడు తలయెత్తి, "ఇది కొట్టు లెక్కే గదా" అన్నాడు. వాకిలి తెఱచుకొనుట యనగా ఇదియే.

ఈ కట్ట విప్పుటకు బడులలో 'అప్పు తెచ్చుట' యని పేరు. ఆ మాటను విడిచిపెట్టుట మంచిదని మా మనవి. మెట్టపల్లెలో అప్పు అను మాటకు అర్థము తెలియని బిడ్డ లేదు. ఒక బాలిక మమ్ము, "తెచ్చిన అప్పు ఎప్పుడు తీర్చాలి తాతయ్యగారూ?" అని యడిగినది. న్యాయమైన ప్రశ్న. పదులస్థానమునుండి తెచ్చినది అప్పు కాదు; తన సొమ్ములోని కట్టనే తాను విప్పుకొనుట. తీర్చవలసిన దేమియు లేదు. మాట తప్పైనచో బుద్ధిగల బిడ్డయే ముందుగా చిక్కుపడును.

పుల్లలకు మరగిన పిల్లలు ఎన్నటికిని పుల్లలు విడువరని కొందఱు భయపడుదురు. విడిపించుటకు క్రమము గలదు. మొదట పుల్లలు చేతిలో నుండవలెను. తరువాత వానిని తువాలుక్రింద దాచి, "ఒక కట్ట విప్పాను, ఇప్పుడెన్ని విడిపుల్లలు?" అని యడుగవలెను. ఆ పిమ్మట పుల్లల పేరెత్తక అంకెలే వ్రాయింపవలెను. నడుమ పదిరూపాయల నోటును, రూపాయి నాణెములను వాడుట మేలు. నోటును విప్పుటకు రాదు, మార్చవలెను. కట్ట విప్పుటకంటె నోటు మార్చుట కొంచెము కష్టమైన భావము. అంకె మార్చుట ఇంకను కష్టము. ఈ మెట్లు వరుసగా నెక్కిన బిడ్డ తానే పుల్లలు పారవేయును. మేము చెప్పిన బాలునకు దీనికి మూడువారములు పట్టినది. ఇట్లే వ్రేళ్ళ లెక్కనుగూర్చి పిల్లలను గద్దింపరాదు. వ్రేళ్ళు దేవుడిచ్చిన పుల్లలు.

తిరుగుదారిని కూడ మఱువరాదు. పలకమీద 52 లోనుండి 37 అని వ్రాసి, "దీనికొక కథ చెప్పు" అని యడుగుడు. ఒకడు మిరపకాయల బస్తాలు చెప్పును. ఒకతె గాజులు చెప్పును. కథ చెప్పలేని బిడ్డకు లెక్క యింకను రాలేదని యెఱుగుడు. జవాబు సరిపోయినను విడువక, "ఎట్లా చేశావు?" అని యడుగుట మంచి యలవాటు. తప్పుజవాబునకును అదే ప్రశ్న, దండన కాదు.

ఇదంతయు నిప్పుడు చెప్పుటకు కారణము గలదు. గ్రామీణ బాలబాలికల చదువును పరీక్షించు 'అసర్' నివేదిక 2005 నుండి వెలువడుచున్నది. 2024వ సంవత్సరపు నివేదిక ప్రకారము దేశమున మూడవ తరగతి పిల్లలలో నూటికి 33.7 మంది మాత్రమే, కట్ట విప్పవలసిన రెండంకెల తీసివేతను చేయగలిగిరి. అయిదవ తరగతిలో మూడంకెల సంఖ్యను ఒక యంకెచే భాగించినవారు నూటికి 30.7 మంది. అనగా ముగ్గురిలో ఇద్దఱు అర్థము కాని మెట్టుమీద నిలిచియుండగా తరగతులు పైకి సాగిపోవుచున్నవి. మఱియొక సంగతి. 2016లో యూపీఐ వచ్చినది మొదలు కొట్టు దగ్గఱ చిల్లర లెక్కించుట క్రమముగా తగ్గుచున్నది. ఫోను చూపిన సరి. బడిలెక్క రానివానికి కొట్టులెక్కయైన నుండెడిది. రేపటి బిడ్డకు అదియు లేకుండ పోవు ప్రమాదమున్నది.

ఉపాధ్యాయులు లేరా, వారు చూచుకొనరా యని యడుగవచ్చును. ఉన్నారు, కాని ముప్పదిమందిలో నొక్కొక్కని మెట్టు నెఱిగి కూర్చుండుటకు వారికి తీరిక చాలదు. 2001 మొదలు 2003 వరకు బొంబాయి, బరోడా నగరముల బడులలో 'బాలసఖి' యను నేర్పాటు జరిగినది. ఆ పేటలలోని యువతులే, రెండువారముల తరిఫీదు పొంది, వెనుకబడిన పిల్లలను దినమునకు రెండుగంటలు వేఱుగా కూర్చుండబెట్టుకొని అక్షరములు, అంకెలు చెప్పిరి. పిల్లలు స్పష్టముగా ముందుకు వచ్చిరని పరీక్షలలో తేలినది. వారు గొప్ప పట్టభద్రులు కారు. పొరుగింటి చదువుకొన్న ఆడపిల్లలు. అట్టివారు మన యూళ్ళలో ఇంటింట నున్నారు.

కావున చదువరులయిన గృహిణులకు మా విన్నపమిది. వంటచెఱకునకు చేటు లేదు, పనికి భంగము లేదు. సాయంకాలము పావుగంట చాలును. గుప్పెడు చింతపిక్కలు, పది కట్టల పుల్లలు, ఒక పలక. మీ బిడ్డతో కూడ పనిమనిషి బిడ్డను పిలువుడు. ఆమె కూలిలెక్కను ఆమెచేతనే బిడ్డ యెదుట నోటితో చెప్పించి, ఆ చెప్పినదానిని బిడ్డచే అంకెలలో వ్రాయింపుడు. పది ముప్పదియైదులు, రెండు ముప్పదియైదులు, రెంటిని కలుపుట. పలకమీద ఆ మూడు వరుసలు వ్రాసిన నాడు బిడ్డకు లెక్క వచ్చును. తన తల్లికి లెక్క వచ్చునని కూడ తెలిసివచ్చును. ఈ రెండవది మొదటిదానికంటె తక్కువ లాభమని మేము తలంపము.